ఆకు మొదట్లో చెంచాడు నీళ్ళు: స్ట్రాబెర్రీ కప్ప కథ

(విశాఖపట్నం ద్వారకానగర్‌లోని గ్రంథాలయం హాల్లో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌కి పోకుండా ఒక కప్ప గురించి వినడానికి వచ్చారు, పిల్లల్ని కూడా వెంటబెట్టుకొచ్చారు. చాలా సంతోషం.

మన తెలుగువాళ్ళకి కప్పతో చుట్టరికం పాతదే. వానలు మొహం చాటేస్తే రోకలికి కప్పని కట్టి, వేపరెమ్మలు చుట్టి, ఇల్లిల్లూ తిరిగి నీళ్ళు పోయించుకునే కప్పతల్లి ఆట పల్లెల్లో ఉండేది. ఒక్కచోట కుదురుగా నిలవని జనాన్ని కప్పల తక్కెడ అంటాం. మా తరంలో జువాలజీ చదివినవాళ్ళకి కప్ప అంటే మైనపు ట్రే మీద గుండుసూదులు గుచ్చి వెల్లకిలా పడుకోబెట్టిన కప్పే. ఇన్ని రకాలుగా తెలిసిన జీవి ఎక్కడ ఉంటుందని అడిగితే మాత్రం అందరం ఒకే మాట చెబుతాం: చెరువులో, బావిలో, వానాకాలం గుంటలో. ఇవాళ నేను చెప్పబోయే కప్ప చెరువు మొహం చూడదు. గుడ్లు నీళ్ళలో పెట్టదు. దాని కాలివేళ్ళ మధ్య ఈతకి పనికొచ్చే పొర కూడా ఉండదు.

దాన్ని స్ట్రాబెర్రీ విషకప్ప అంటారు. శాస్త్రీయ నామం ఊఫాగా పుమిలియో. ఆస్కార్ ష్మిట్ అనే జర్మన్ జంతు శాస్త్రవేత్త 1857లో దీన్ని మొదటిసారి వర్ణించి పేరు పెట్టాడు. మధ్య అమెరికాలో కరీబియన్ సముద్రం వైపున్న పల్లపు అడవులు దీని సొంత ఊరు. నికరాగ్వా తూర్పు భాగం, కోస్టారికా, అక్కణ్ణుంచి పనామా వాయవ్య మూల దాకా ఉంటుంది. పొడవు రెండు సెంటీమీటర్లు, కాస్త అటూ ఇటూ. బాగా ఎదిగిన కప్ప మీ బొటనవేలి గోరు మీద సరిపోతుంది. కోస్టారికాలో దొరికే రకానికి ఒళ్ళంతా ఎరుపు, కాళ్ళు మాత్రం ముదురు నీలం. అక్కడివాళ్ళు దీన్ని బ్లూ జీన్స్ కప్ప అని ముద్దుగా పిలుస్తారు. లంబసింగి వెళ్ళి స్ట్రాబెర్రీ తోటల్లో ఫోటోలు దిగినవాళ్ళు ఇక్కడ చాలామందే ఉండి ఉంటారు. అచ్చం ఆ పండు ఎరుపే.

మన కప్పలు ఎక్కువగా రాత్రిపూట బయటికొస్తాయి. ఇది పట్టపగలు తిరుగుతుంది. దాక్కోదు. దాని రంగు దాక్కోవడానికి పుట్టిన రంగు కాదు మరి. "నేను చేదు, నన్ను ముట్టుకోకు" అని పక్షికీ బల్లికీ దూరం నుంచే చెప్పే రంగు అది.

అక్కడి వాన గురించి ఒక్క మాట. మన విశాఖలో ఏడాదికి సుమారు 1,100 మిల్లీమీటర్ల వాన పడుతుంది. కోస్టారికాలో ఈ కప్ప బతికే లా సెల్వా అనే చోట సుమారు 4,000 మిల్లీమీటర్లు. ఎండాకాలం అని మనం అనుకునేది అక్కడ సరిగ్గా ఉండదు. కాస్త తక్కువ వాన పడే నెలలు ఉంటాయి, అంతే.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. వానాడవి అనగానే మన కళ్ళు పైకి పోతాయి. ఎత్తైన మాన్లు, వేలాడే తీగలు, చిలకలు. ఈ కప్పకి మాత్రం అడవి అంటే ప్రధానంగా రెండు చోట్లు. ఒకటి, నేలమీద రాలి కుళ్ళుతున్న ఆకుల పొర. రెండోది, కొన్ని మొక్కల ఆకు మొదట్లో నిలిచే చెంచాడు నీళ్ళు. ఈ రెండూ ఉంటే కప్ప ఉంటుంది. మాను నిలబడే ఉండి ఈ రెండింట్లో ఒకటి పోయినా, మన కంటికి అడవి పచ్చగానే కనిపిస్తుంది, కప్పకి మాత్రం నిలవ నీడ పోయినట్టే.

ముందు ఆకుల పొర సంగతి చూద్దాం, ఎందుకంటే విషం కథ అక్కడే ఉంది.

1967లో జాన్ డేలీ, చార్లెస్ మయర్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పనామా విషకప్పల మీద ఒక పరిశోధన ప్రచురించారు. డేలీ రసాయన శాస్త్రం మనిషి, మయర్స్ కప్పల మనిషి. ఈ చిన్న కప్ప చర్మంలో దొరికిన విష పదార్థాలకి కప్ప పేరు మీదుగానే పుమిలియోటాక్సిన్లు అని పేరొచ్చింది. తర్వాత దశాబ్దాల్లో వెతుక్కుంటూ పోతే ఈ ఒక్క జాతి చర్మంలోనే రెండొందలకు పైగా ఆల్కలాయిడ్లు, అంటే ఇలాంటి విష పదార్థాలు, బయటపడ్డాయి. ఒక దీవిలో ఉన్న కప్పలో ఒక రకం మిశ్రమం, పక్క దీవిలో ఇంకో రకం. అదే చోట కొన్నేళ్ళ తర్వాత వెళ్ళి చూస్తే మళ్ళీ తేడా.

ఎందుకిలా? కారణమేమిటంటే, ఈ విషాన్ని కప్ప తనంతట తాను తయారుచేసుకోదు. తిండిలోంచి కూడబెట్టుకుంటుంది. మిరప రైతులకి నల్లి అంటే బాగా తెలుసు, ఆకుని ముడిచేసే సన్నటి పురుగు. ఆ నల్లికి దూరపు చుట్టాలు కొన్ని అడవి నేలమీద కుళ్ళుతున్న ఆకుల్లో బతుకుతాయి. ఓరిబాటిడ్ మైట్లు అంటారు వాటిని. మామూలుగా చూస్తే కంటికి ఆనవు. ఈ కప్ప చర్మంలోని ఆల్కలాయిడ్లలో చాలా వాటికి ఆ నల్లులే ముఖ్యమైన మూలం అని 2007లో తేల్చారు. మిగతావి చిన్న చీమల నుంచి, ఇంకా అలాంటి పురుగుల నుంచి వస్తాయి. గాజుపెట్టెలో పుట్టి, పళ్ళమీద వాలే చిన్న ఈగల్ని తిని పెరిగిన స్ట్రాబెర్రీ కప్పకి రంగు యథాతథంగా వస్తుంది. విషం రాదు. ఆ రంగు చేసే హెచ్చరిక నిజం కావాలంటే కుళ్ళుతున్న ఆకులు కావాలి, ఆ ఆకుల్లో నల్లులు కావాలి. నాకైతే ఈ సంగతి తెలిశాక కప్ప చర్మం ఎక్కడ ఆగుతుందో, అడవి నేల ఎక్కడ మొదలవుతుందో గీత గీసి చెప్పడం కష్టంగా తోచింది.

(సభలో ఒక అబ్బాయి: "దాన్ని ముట్టుకుంటే చచ్చిపోతామా అండీ?")

లేదు బాబూ. చర్మం మీద గాయాలు లేకపోతే, ముట్టుకున్నంత మాత్రాన ఏమీ కాదు. అయినా ముట్టుకోకూడదు, పొరపాటున ముట్టుకుంటే చేతులు కడుక్కోకుండా కంట్లో, నోట్లో పెట్టుకోకూడదు. నువ్వు వినుంటావు, బాణాల మొనకి కప్ప విషం పూసి వేటాడతారని. అది వేరే కప్ప, కొలంబియాలో ఉంటుంది. దీనికంటే రెట్టింపు పొడవు, విషం ఎన్నో రెట్లు ఎక్కువ. దాన్ని మాత్రం చేత్తో పట్టుకోవడం ప్రమాదమే. మన స్ట్రాబెర్రీ కప్ప విషం అంత దూరం పోదు.

ఇక రెండో చోటు, ఆకు మొదట్లో నీళ్ళు. ఇది కాస్త వివరంగా చెప్పనివ్వండి. ఈ భాగం చెప్పడానికే నేను ఇవాళ వచ్చాను.

సింహాచలం కొండ మీద అనాసపండ్లు మనందరికీ తెలుసు. ఈసారి వాన వెలిశాక ఒక అనాస మొక్క దగ్గర కూర్చుని, ఆకు కాండాన్ని అంటుకునే చోటు చూడండి. ఆకు మొదలు వెడల్పుగా, లోతుగా ఉంటుంది. వాన చుక్కలు ఆకు వెంట జారి అక్కడ చేరతాయి. అనాస కుటుంబాన్ని బ్రొమీలియాడ్లు అంటారు. ఒకే ఒక్క జాతి పశ్చిమ ఆఫ్రికాలో ఉంది. మిగతా కుటుంబమంతా అమెరికా ఖండాలదే. మన అనాస కూడా అక్కణ్ణుంచి వచ్చిందే. అక్కడి వానాడవుల్లో ఈ కుటుంబం మొక్కలు నేలమీదే కాదు, మాన్ల కొమ్మల మీద కూడా పెరుగుతాయి. ఒక్కో ఆకు మొదట్లో కొద్దిపాటి నీళ్ళు నిలుస్తాయి. దోమ పిల్లలు, పడి కుళ్ళిన ఆకు ముక్కలు, అప్పుడప్పుడూ ఒక తోకకప్ప, అందులో ఉండేవి ఇలాంటివే.

కథ నేలమీద మొదలవుతుంది. మగకప్ప కాస్త ఎత్తైన చోట కూర్చుని కీచుమని గొంతెత్తుతుంది. తన హద్దులోకి ఇంకో మగది వస్తే కుస్తీకి దిగుతుంది. నిజంగానే కుస్తీ, ఒకదాని మీద ఒకటి ఎక్కి అణిచిపెట్టుకుంటాయి. ఆడకప్ప వచ్చి, రాలిన ఆకుల మీద మూడు నుంచి అయిదు గుడ్లు పెడుతుంది. చెరువు కప్పలు వేలల్లో గుడ్లు పెడతాయని గుర్తుంది కదా, ఇక్కడ అయిదు దాటితే ఎక్కువ. ఆ గుడ్లు ఎండిపోకుండా మగకప్ప వచ్చి తన ఒంట్లో నీటితో తడుపుతుంది. సుమారు పది రోజులకి గుడ్లలోంచి తోకకప్పలు వస్తాయి.

అప్పుడు తల్లి వస్తుంది. వాటి మధ్య కూర్చుంటుంది. ఒక తోకకప్ప మెలికలు తిరుగుతూ ఆమె వీపెక్కి అతుక్కుంటుంది. దాన్ని మోసుకుని తల్లి చెట్టెక్కుతుంది. రెండు సెంటీమీటర్ల ప్రాణి మానెక్కడం అంటే ఎంత శ్రమో ఊహించుకోండి. ఒక ఆకు మొదట్లో నీళ్ళు చూసుకుని, పిల్లని అందులో దించుతుంది. మళ్ళీ దిగి రెండో పిల్ల దగ్గరికి. ఒక్కో గుంటలో ఒక్కో పిల్లే. ఇద్దరు ఒకే చోట పడితే పెద్దది చిన్నదాన్ని తినేస్తుంది.

అక్కడితో అయిపోలేదు. ఆ చెంచాడు నీళ్ళలో పిల్ల పెరగడానికి తిండేదీ? తల్లే పెట్టాలి. కొద్దిరోజులకొకసారి ప్రతి పిల్ల దగ్గరికీ విడివిడిగా వస్తుంది. నీళ్ళలోకి తల్లి రావడం తెలియగానే తోకకప్ప ఒళ్ళు బిగదీసుకుని, తోకని వేగంగా వణికిస్తూ తల్లి ఒంటికి తాకుతుంది. అదే ఆకలి అని చెప్పడం. తల్లి వెనక్కి తిరిగి, నడుము నీళ్ళలో ముంచి, ఫలదీకరణ చెందని, అంటే పిల్ల పుట్టని గుడ్లు కొన్ని వదులుతుంది. ఆ గుడ్లే ఈ పిల్లకి తిండి. ఇంకో తిండితో ఇది పెరగదు. ఆరేడు వారాల పాటు ఇదే వరస. ఈ మధ్యలో తల్లి పోతే పిల్ల పోయినట్టే.

2014లో వచ్చిన ఒక పరిశోధన ఇంకో ముక్క కలిపింది. ఆ తిండి గుడ్లలో తల్లి ఆల్కలాయిడ్లు కూడా పెడుతోంది. నల్లిని ఇంకా నోట పెట్టని పిల్లకి, నేలమీద తల్లి తిన్న నల్లుల విషం గుడ్డు ద్వారా అందుతోంది. ఆకుల పొరా, ఆకు మొదట్లోని నీళ్ళూ వేర్వేరు చోట్లని ఇందాక చెప్పాను కదా. వాటిని కలిపే దారి తల్లే.

మరి తల్లి తన పిల్లని ఎలా గుర్తుపడుతుంది? జెన్నిఫర్ స్టైనోస్కీ అనే శాస్త్రవేత్త దీన్ని కోస్టారికాలో పరీక్షించింది. పిల్లల్ని మార్చి చూసింది. తల్లి పెట్టిన చోట వేరే కప్ప పిల్లని ఉంచితే, తల్లి వచ్చి దానికీ తిండి పెట్టింది. సొంత పిల్లని అక్కణ్ణుంచి తీసి పక్కన పెడితే వెతుక్కోలేదు. తల్లి గుర్తుంచుకునేది పిల్లని కాదు, చోటుని. ఏ చెట్టు, ఏ మొక్క, ఏ ఆకు మొదలు, ఇదే ఆమె లెక్క. ఆ ఆకు విరిగి పడినా, ఎవరో ఆ మొక్కని అలంకారానికని పీక్కెళ్ళినా, తల్లి దృష్టిలో ఆ పిల్ల ఇక లేనట్టే. నివాసం అనే మాట మనం పర్యావరణ పుస్తకాల్లో చదివి వదిలేస్తాం. ఈ తల్లికి మాత్రం నివాసమే బిడ్డ చిరునామా.

రంగుల గురించి కూడా కొంచెం చెప్పాలి, లేకపోతే పిల్లలు ఒప్పుకోరు. పనామాలో బోకాస్ డెల్ టోరో అనే దీవుల గుంపు ఉంది. వేల ఏళ్ళ క్రితం సముద్ర మట్టం పెరిగి కొండలు దీవులుగా విడిపోయాయి. కప్పలు కూడా ఎక్కడివక్కడ చిక్కుకుపోయాయి. ఇప్పుడు ఆ దీవుల్లో ఇదే జాతి ఎరుపులో, నారింజలో, ఆకుపచ్చలో, నీలంలో, నల్లచుక్కలున్న పసుపులో, తెలుపులో కనిపిస్తుంది. 2019లో వచ్చిన పరిశోధన ప్రకారం, పిల్ల ఏ రంగు తల్లి దగ్గర పెరిగితే, పెద్దయ్యాక ఆడదైతే ఆ రంగు మగవాటి వైపే మొగ్గుతుంది. మగదైతే ఆ రంగు మగవాటితోనే ఎక్కువ పోట్లాడుతుంది. సొంత తల్లి కాకుండా వేరే రంగు తల్లి పెంచినా అంతే. ఆ చెంచాడు నీళ్ళలో పిల్ల తిండితో పాటు తల్లి రంగుని కూడా మనసులో నాటుకుంటోంది.

ఇంత చిన్న చోట్ల మీద ఒక జాతి ఆధారపడుతుందా అని మీకు అనుమానం రావచ్చు. దీనికి వేరే కప్పతో చేసిన ఒక ప్రయోగం చెబుతాను. ప్యూర్టోరికో దీవిలో కోకీ అనే చిన్న కప్ప ఉంది. మార్గరెట్ స్టీవర్ట్, హార్వే పౌ అనే ఇద్దరు ఆ అడవిలో వెదురు గొట్టం ముక్కలు తగిలించారు, కప్పలు దాక్కోవడానికి, గుడ్లు పెట్టుకోవడానికి. తిండి పెంచలేదు, శత్రువుల్ని తగ్గించలేదు. ఆ ముక్కలున్న చోట కప్పల సంఖ్య పెరిగింది. 1983లో ప్రచురించారు. ఆ కప్పకి కొరతగా ఉన్నది తలదాచుకునే చోటు.

ఇప్పుడు కాస్త బాధ కలిగించే సంగతి. లా సెల్వా అడవిని దశాబ్దాలుగా కాపాడుతున్నారు. గొడ్డలి పడదు. అక్కడ నేలమీద తిరిగే కప్పల్ని, బల్లుల్ని 1970 నుంచి 2005 వరకు చేసిన లెక్కలన్నీ కలిపి 2007లో ఒక బృందం చూసింది. ముప్ఫై అయిదేళ్ళలో కప్పలు సుమారు 75 శాతం తగ్గాయి. బల్లులు కూడా అదే దారి. వాతావరణం వేడెక్కి, తడి పెరిగి, నేలమీద ఆకుల పొర పలచబడటమే కారణం కావచ్చని వాళ్ళు రాశారు. గమనించాల్సింది ఏమిటంటే, పక్కనే వదిలేసిన కోకో తోటల్లో ఈ తగ్గుదల కనిపించలేదు. కోకో చెట్టు ఆకు దండిగా రాలుస్తుంది. స్ట్రాబెర్రీ కప్ప జాతి మొత్తంగా చూస్తే ఇప్పటికీ అంతరించే స్థితిలో లేదు. పాత కోకో తోటల్లో కూడా హాయిగా ఉంటుంది. అందుకే దీన్ని ఉదాహరణగా ఎంచుకున్నాను. చిక్కుల్లో పడ్డాక లెక్కపెట్టడం కంటే, బాగున్నప్పుడే దేని మీద ఆధారపడి బతుకుతోందో తెలుసుకోవడం నయం.

మన దగ్గరకి వద్దాం. చింతపల్లి దాటి లంబసింగి వెళ్తాం, మంచు చూడటానికి. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. 1998లో ఇంద్రనీల్ దాస్, చందా అనే శాస్త్రవేత్తలు అక్కడ దొరికిన నమూనాల ఆధారంగా ఒక చిన్న పొదకప్పని శాస్త్ర ప్రపంచానికి పరిచయం చేశారు. మన తూర్పు కనుమల కప్ప, మన విశాఖ పేరు ఆ వర్ణనలోనే ఉంది. ఆ కోవ పొదకప్పలకి ఒక ప్రత్యేకత ఉంది. వాటికి తోకకప్ప దశ బయట ఉండదు. తడిగా ఉన్న చోట గుడ్డు పెడితే, గుడ్డులోపలే రూపం మార్చుకుని, నాలుగు కాళ్ళతో బుల్లి కప్పే బయటికొస్తుంది. దీనికీ చెరువు అక్కర్లేదు. తడి ఆకు, తడి గాలి, నీడ కావాలి.

ఇప్పుడు మనం లంబసింగిలో ఏం చేస్తున్నాం? డిసెంబర్‌లో చలి కాచుకోవడానికని చుట్టుపక్కల ఎండుటాకులన్నీ పోగేసి మంట పెడుతున్నాం. ఊళ్ళో కాలనీ పార్కుల్లో పొద్దున్నే ఆకులు ఊడ్చి ఒక మూల తగలబెడుతున్నాం. వేసవిలో ఊరి పక్కనున్న కంబాలకొండ అడవి చుట్టూ నిప్పు అంటుకుంటే చెట్లు కాలలేదు కదా, గడ్డీ ఆకులే కదా అంటాం. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. కప్పకి ఆ ఆకులే ఇల్లు, నల్లులే తిండి. చెట్లు మిగిలాయని లెక్క చెప్పుకుంటే సరిపోదు. నాటిన మొక్కల లెక్క పేపర్లో వేస్తాం. రాలిన ఆకు ఎంత మిగిల్చామో కూడా అడిగే రోజు రావాలని నా కోరిక.

అడగదలుచుకున్నవాళ్ళు అడగండి.

(ఒక శ్రోత: "మా మేడ మీద కుండీల్లో బ్రొమీలియాడ్లు ఉన్నాయండీ. వాటిలో నీళ్ళు నిలిస్తే దోమలు రావా?")

వస్తాయి. ఊళ్ళో డెంగీ టెన్షన్ ఉంది కాబట్టి వారానికోసారి ఆ నీళ్ళు వంపేయండి, లేదా పైపుతో గట్టిగా కొట్టి మార్చేయండి. ఇక్కడ ఆ మొక్క అలంకారానికి తెచ్చుకున్నది, అందులో పెరగాల్సిన కప్ప ఏదీ మన దగ్గర లేదు. మీ మేడ మీద దోమలు పెంచితే అడవికి ఒరిగేదేం లేదు.

(ఇంకొకరు: "ఈ కప్పని మన దగ్గర తెచ్చి పెంచుకోవచ్చా?")

వద్దండీ. దీని అంతర్జాతీయ వ్యాపారం మీద 1987 నుంచి నియంత్రణ ఉంది. అది పక్కన పెట్టినా, బయటి దేశం కప్పతో పాటు దాని చర్మం మీద బూజు రోగాలు రావచ్చు. అలాంటి ఒక బూజు మధ్య అమెరికా కొండల్లో కప్పల్ని ఊడ్చిపెట్టేసింది. చూడాలనిపిస్తే మన కప్పల్ని చూడండి. తొలకరి పడిన రాత్రి టార్చిలైటు పట్టుకుని, కాలికి బూట్లు వేసుకుని, పాముల విషయంలో జాగ్రత్తగా బయటికి రండి.

(వెనక వరస నుంచి ఒకావిడ: "మాది పాడేరు దగ్గర కాఫీ తోటండీ. సిల్వర్ ఓక్ నీడలో వేశాం, మిరియాలు కూడా ఉన్నాయి. ఆకు ఊడవకుండా వదిలేస్తే సరిపోతుందా? కాయతొలుచు పురుగు వస్తుందని తోట శుభ్రంగా ఉంచమంటున్నారు.")

మంచి ప్రశ్న అమ్మా. ఆ పురుగు రాలిన కాయల్లో, చెట్టు మీద మిగిలిపోయిన కాయల్లో బతికి మరుసటి పంటకి పాకుతుంది. కాబట్టి వాళ్ళు చెప్పినట్టు కాయలు ఒక్కటీ వదలకుండా ఏరేయండి, అందులో బద్ధకం వద్దు. ఆకు మాత్రం ఏరాల్సిన పని లేదు. చెట్ల వరసల మధ్య అలాగే పరచి ఉంచండి, తడి నిలుస్తుంది, మీ కాఫీ వేళ్ళకీ మంచిదే. సిల్వర్ ఓక్ ఒక్కటే కాకుండా పనస, నేరేడు లాంటి మన చెట్లు కూడా నీడకి ఉంచండి, రకరకాల ఆకు రాలుతుంది. పడిపోయిన పాత దుంగ ఉంటే వంటచెరకుకి మొత్తం తీసేయకుండా ఒకటి రెండు అక్కడే కుళ్ళనివ్వండి. మందు కొట్టాల్సి వస్తే పురుగున్న చెట్టుకే కొట్టండి, నేలంతా తడపకండి. వానాకాలంలో రాత్రి తోటలోకి వెళ్ళినప్పుడు పొదల్లోంచి టిక్ టిక్ మని సన్నగా పొదకప్ప లాంటి గొంతు వినిపిస్తే ఎక్కడ, ఏ నెలలో విన్నారో ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి. వీలైతే ఫోన్లో రికార్డు చేయండి. కొండ మీద ఉండే మీరే అది చేయగలరు, ఊళ్ళో ఉండి మేం చేయలేం.